అడిగి నడిచిన దారి

మార్చి 3, సోమవారం

గేటుకు తాళం పడింది. పక్కన కంచె దాటడానికి ఉండే చెక్కమెట్లు కూడా పీకేశారు. కిందటి శరత్తులో టిప్టన్ పొలం కొన్నాయన పేరు స్టాండిష్. ఆయనే బోర్డు పెట్టించాడు: ‘సొంత భూమి. ఇటు దారి లేదు.’ ముప్పై ఏళ్ళుగా నేను నడుస్తున్న దారి లేదట. చలిలో ఆ బోర్డు ముందు పది నిమిషాలు నిలబడ్డాను, రెండోసారి చదివితే అర్థం మారుతుందేమోనని.

ఆ పొలం మీదుగా చాపెల్ దాకా వెళ్ళాలని బయల్దేరాను. ఈ నెలలో పొద్దున ఎనిమిదింటి ఎండ దాని గుమ్మం మీద ఏటవాలుగా పడుతుంది. అప్పుడే ఆ రాతి మీద చెక్కిన జంతువు కాస్త పైకి లేచి కనబడుతుంది. పైకప్పు పోయి, గొర్రెలు తప్ప ఎవరూ రాని పాత ప్రార్థన మందిరం అది. ఆ జంతువును ఒక ఏడాది పొట్టేలని రాసుకున్నాను, ఇంకో ఏడాది కుక్క అని. కిందటేడు కాలు ఒకటి ఎక్కువ కనిపించింది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట అయిదు కాళ్ళ జంతువును ఎవరు చూశారో తేలకుండా పోవడం నాకిష్టం లేదు. నాకిప్పుడు అరవై ఎనిమిది.

మార్చి 4, మంగళవారం

గ్వెండా వచ్చింది. బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నప్పటి నుంచి నా గుమ్మం ముందు ఆగి తలుపు తట్టిన పాపాన పోలేదు, నేరుగా వంటింట్లోకే వస్తుంది. కౌంటీ ఆఫీసులో దారుల సంగతి చూసే మిస్ క్యాడ్మన్‌తో అప్పుడే ఫోనులో మాట్లాడేసిందట. మ్యాపులో ఆ కాలిబాట ఎక్కలేదు. కానీ ఊళ్ళోవాళ్ళు ఇరవై ఏళ్ళు ఆపకుండా నడిచామని రుజువు చేస్తే అది జనం దారి అవుతుంది, ఎవరూ తాళం వెయ్యలేరు. మనిషికో సాక్ష్యం ఫారం నింపాలి. తొమ్మిది మంది సరేనన్నారు.

‘అందరూ నోటిమాట చెబుతారే ఏవిస్. నువ్వు తేదీలు చెబుతావు,’ అంది. ‘ఎప్పుడు తుమ్మావో కూడా రాసుకునే దానివి. నీ డైరీలుండగా మనకేం భయం?’

ఒప్పుకుంటాను, పొంగిపోయాను. ముప్పై ఏళ్ళ డైరీలు. నా భర్త ఉన్నప్పుడు వాటిని చూసి నవ్వేవాడు. అవి ఊరికి పనికొస్తాయని ఎవరనుకున్నారు?

మార్చి 6, గురువారం

ఫారంలో పదకొండు ప్రశ్నలున్నాయి. ఎప్పటి నుంచి నడుస్తున్నారు, ఏడాదికి ఎన్నిసార్లు, కాలినడకనా సైకిల్ మీదా, ఎవరైనా అడ్డగించారా. ఎనిమిది దాకా చకచకా రాశాను.

తొమ్మిదోది: ‘ఈ దారిన నడవడానికి భూమి యజమానిని మీరు ఎప్పుడైనా అనుమతి అడిగారా?’

ఎందుకడుగుతున్నారో వెనక కాగితంలో ఉంది. బలవంతంగా కాకుండా, దొంగచాటుగా కాకుండా, అనుమతి తీసుకోకుండా నడిచి ఉండాలట. అడిగి నడిస్తే అది యజమాని దయ. అడక్కుండా నడిస్తే హక్కు. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు. ఈ చట్టం ముందు అడిగినవాళ్ళకే పస్తు. ఇలాంటి చట్టం ఉందని మా అమ్మకు తెలిస్తే నన్ను ఇంకోలా పెంచేది.

టీ పెట్టుకోవడానికి లేచాను.

మార్చి 7, శుక్రవారం

పది, పదకొండు కూడా అయిపోయాయి.

మార్చి 9, ఆదివారం

గ్వెండాకు డైరీలు ఇచ్చాను, 2005 నుంచి కిందటేటి దాకా. చాపెల్ నడకలున్న పేజీలన్నిట్లో పచ్చ దారం పెట్టి ఇచ్చాను. 2006 కనబడలేదు. వంటింట్లో నీళ్ళ గొట్టం పగిలినప్పుడు తడిసి పారేసి ఉంటానని చెప్పాను. ఒకటి లేకపోతే కొంపలేం మునగవు అంది గ్వెండా.

గొట్టం పగిలిన మాట నిజమే.

మార్చి 12, బుధవారం

పాత దస్తావేజుల ఆఫీసుకు సైకిల్ మీద వెళ్ళాను, పధ్నాలుగు మైళ్ళు. వెళ్ళేటప్పుడు గాలి ఎదురు, వచ్చేటప్పుడు కూడా ఎదురే. ఎలా కుదురుతుందో ఇన్నేళ్ళొచ్చినా అంతుపట్టలేదు.

నా ఆలోచన ఇది. రెండు వందల ఏళ్ళ కిందటి కాగితంలో ఆ బాట జనం దారి అని ఎక్కడైనా రాసి ఉంటే, ఇప్పుడు ఎవరు నడిచారు, ఎలా నడిచారు అనే గొడవే ఉండదు. ఫారాలతోనే పని లేదు.

చర్చికి కట్టాల్సిన పదోవంతు పంట కోసం గీయించిన పాత మ్యాపు తెచ్చి పరిచారు. బల్లంత ఉంది. చేతులు కడుక్కు రమ్మని అక్కడి కుర్రాయన రెండుసార్లు చెప్పాడు, నా గోళ్ళ కింద సైకిల్ గొలుసు నూనె చూసి. వాగు దొరికింది, చర్చి దొరికింది. మా ఇంటి స్థలంలో అప్పుడు బాతుల కుంట ఉండేదని తెలిసి చాలాసేపు ఆనందించాను. ఊరి చివర చుక్కల గీత ఒకటి బయల్దేరి టిప్టన్ పొలంవైపు వెళ్ళింది. సరిగ్గా పొలంలోకి అడుగుపెట్టే చోట మ్యాపు మడత. మడత మీద మడతపడి కాగితం అరిగి చిల్లు పడింది. చిల్లుకు అవతల చాపెల్ ఉంది.

ఆ చిల్లులోంచి కింద బల్ల కనబడుతోంది. కుర్రాయన కూడా వంగి చూసి, ‘అయ్యో’ అన్నాడు. పాపం, నాకంటే ఎక్కువ బాధపడ్డాడు.

మార్చి 15, శనివారం

రాళ్ళు! ఇన్నేళ్ళూ వాటి మీద కూర్చుని శాండ్‌విచ్ తిన్నాను గానీ అవేమిటని ఆలోచించలేదు. పైవూరికి శ్మశానం లేని రోజుల్లో శవాలను మా చర్చికి మోసుకొచ్చేవాళ్ళు. మోసేవాళ్ళు పెట్టెను దించి ఊపిరి తీసుకోవడానికి దారి పక్కన నడుమెత్తు బల్లరాళ్ళు వేశారు. పైవూరి సందులో ఒకటుంది, వాగు దాటాక ఇంకొకటుంది. రెండూ అందరూ తిరిగే చోటే ఉన్నాయి, తాళాలు లేవు.

సైకిల్ చక్రం ఊచకు ఎర్ర రిబ్బను కట్టి, నడిపించుకుంటూ చుట్లు లెక్కపెట్టాను. మొదటి రాయికీ రెండోదానికీ మధ్య మూడు వందల తొంభై ఆరు చుట్లు. మూడో రాయి కూడా అంతే దూరంలో ఉండాలంటే, అది స్టాండిష్ పొలంలో, చాపెల్‌కు ఇవతల, ముళ్ళపొద ఉన్న చోట. ఆ పొదలో ఏముందో ఎప్పుడూ చూడలేదు. చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది.

రెండో రాయి దగ్గర నార్మన్ బెబ్ తగిలాడు. మా ఊళ్ళో ఎవరికీ గుడ్ మార్నింగ్ చెప్పనివాడు ఇతనొక్కడే. అతని కుక్క కూడా అంతే. చక్రం తిప్పుతూ అంకెలు గొణుక్కుంటున్న నన్ను చూసి, మతి పోయిందా అని మర్యాదగా అడిగాడు. చెప్పాను.

‘దానికి లెక్కలెందుకు?’ అన్నాడు. ‘శవం పోయిన దారి ఎవడబ్బ సొత్తూ కాదు. మా తాత చెప్పేవాడు. ముప్పై ఏళ్ళు ఆ పొలంలో పడి తిరిగా. ఏనాడూ ఎవణ్ణీ అడగలా.’

నేను మూడు వందల డెబ్బైలో ఉన్నాననుకుంటాను. లెక్క తప్పింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాను.

మార్చి 19, బుధవారం

శవాల రాళ్ళ గురించి మిస్ క్యాడ్మన్‌కు ఫోను చేశాను. చాలా ఓపికగా విన్నది. శవం మోస్తే దారి అందరిదీ అయిపోతుందని దేశమంతా నమ్ముతారట, చట్టంలో మాత్రం ఎక్కడా లేదట. రాళ్ళు కొంచెం సాయపడతాయి, అంతే. బలమంతా మనుషుల సాక్ష్యంలోనే ఉందంది. ‘ముఖ్యంగా మీ డైరీలు మిసెస్ కార్ఫీల్డ్. అలాంటివి నాకెప్పుడూ దొరకవు.’

మార్చి 20, గురువారం

మంచి ఎండ. ఎనిమిదింటికి వంటింట్లోనే నిలబడ్డాను.

మార్చి 22, శనివారం

రొట్టెల కొట్లో స్టాండిష్‌ను మొదటిసారి దగ్గరగా చూశాను. నలభై దాటి ఉండవు. వరసలో నన్ను ముందు వెళ్ళమన్నాడు. తాళం సంగతి తనే ఎత్తాడు: గొర్రెలు ఈనే రోజులు, ఎవరి కుక్కో తరిమితే రెండు గొర్రెలు పిల్లల్ని పోగొట్టుకున్నాయి, మ్యాపులో దారి లేదని వకీలు చెప్పాడు. గుడ్ మార్నింగ్ చెప్పని ఆ కుక్క ఎవరిదో నాకు తెలుసు. చెప్పలేదు. ఈ మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి చాలా కష్టపడాల్సి వస్తోంది. ఇంటికి నడిచి వచ్చేలోగా ఎలాగో కొంచెం తెచ్చుకున్నాను.

మార్చి 24, సోమవారం

2006 డైరీ బీరువా మీద ఉంది. అది ఎక్కడికీ పోలేదు. నేనే పెట్టాను, మార్చి ఆరో తేదీ టీ పెట్టుకోవడానికి లేచినప్పుడు.

ఇక్కడ కూడా అబద్ధం రాయడం మొదలుపెడితే ఇక ఎక్కడా నిజం చెప్పలేను. కాబట్టి రాస్తున్నాను. ఆ ఏడాది ఆదివారం నడకల బృందం పెట్టాను. పధ్నాలుగు మందిని వేరేవాళ్ళ పొలంలోంచి తోలుకెళ్ళడం మర్యాద కాదనిపించింది. గసగసాల కేకు చేసుకుని టిప్టన్ గుమ్మం ఎక్కాను. దింపి చూశాను, ఆ రోజు ఇలా ఉంది: ‘టిప్టన్ గారిని అడిగాను. నా బూట్ల బురదంతా ఆయన గుమ్మంలో. సిగ్గేసింది. కేకు కాస్త మాడింది. ఆదివారం పధ్నాలుగు మంది.’

అంతే.

పొద్దున్నే గ్వెండా దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆమె తన కుక్కల గిన్నెలు కడుగుతూనే విన్నది, నా వైపు తిరగలేదు. తర్వాత తిరిగి తిట్టింది.

‘టిప్టన్ పోయి నాలుగేళ్ళయింది. ఆ డైరీ నువ్వు తప్ప చదివే దిక్కెవరే? లేదు అని రాసెయ్. రెండక్షరాలు. రెండక్షరాలకు ఊరి దారి పోగొడతావా?’

నేను అబద్ధం రాయలేనన్నాను. గొట్టం పగిలిందని నాకు చెప్పినప్పుడు బాగానే చెప్పావుగా అంది.

మార్చి 27, గురువారం

పెన్సిల్‌తో ‘లేదు’ అని రాశాను. చూడటానికి బాగానే ఉంది. చెరిపేశాను.

మార్చి 28, శుక్రవారం

మళ్ళీ రాశాను. కాగితం అక్కడ పలచబడుతోంది.

మార్చి 30, ఆదివారం

గడియారాలు గంట ముందుకు జరిపాను. అయిదు కాళ్ళ జంతువుకు ఆ సంగతి తెలియదు కాబట్టి ఇకపై దాని ఎండ తొమ్మిదింటికి పడుతుంది, అదీ ఏటవాలు తగ్గి. ఈ ఏటికి దాని సంగతి తేలదు.

మామూలుగా పిరికిదాన్ని కాను. ఎద్దున్న పొలాలు దాటాను. ఒక్క గడి నింపడానికి ఇరవై నాలుగు రోజులుగా తిప్పలు పడుతున్నాను. గ్వెండా ఆరు రోజుల నుంచి రాలేదు. వస్తే ఏమంటుందో అని భయం, రాకపోతే దిగులు.

ఏప్రిల్ 5, శనివారం

చేయి నొప్పి పుట్టినా సరే, అంతా రాస్తాను.

ఊరి హాల్లో తొమ్మిది మందిమి. మిస్ క్యాడ్మన్ వచ్చింది. ఫోనులో గొంతు విని లావుగా ఉంటుందనుకున్నాను, పుల్లలా ఉంది. చర్చి గంటలు కొట్టే ఆర్నాల్డ్ జ్యూక్స్ టీ పోశాడు. గ్వెండా నాకు రెండు కుర్చీల అవతల కూర్చుంది. బెబ్ తలుపు దగ్గర, కోటు విప్పకుండా. మిస్ క్యాడ్మన్ ఒక్కొక్కరి ఫారం తీసుకుని సంతకాలు చూస్తోంది. నా వంతు వచ్చింది. తొమ్మిదో గడి ఖాళీగా, బూడిదరంగుగా ఉంది. ఇది మర్చిపోయారేమో అంది.

లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు, బడిలో అలవాటు. మర్చిపోలేదు, నేను అడిగాను, 2006 మే నెలలో, అందరి తరఫునా అడిగాను అని చెప్పేశాను. దారి నా వల్ల పోతే మీరందరూ నన్ను క్షమించాలి అని కూడా అన్నాను.

ఆర్నాల్డ్ టీ కెటిల్ పట్టుకుని అలాగే ఉన్నాడు. గ్వెండా మెడ దగ్గర్నుంచి ఎర్రబడటం మొదలైంది. నన్ను కొట్టబోతోందనుకున్నాను.

‘నేనూ అడిగా,’ అంది నేలకేసి చూస్తూ. ‘నా కుక్కల కోసం. 2009లో.’

నాకు లేదు అని రాయమని చెప్పిన గ్వెండా! ఆమె ఫారం మీద ‘లేదు’ అని సిరాతో, చక్కటి చేతిరాతతో ఉంది. నేను నోరు తెరిచేలోపు ఆర్నాల్డ్ కెటిల్ కింద పెట్టాడు. తను కూడా అడిగాడట, గంటలు కొట్టేవాళ్ళు ఎండాకాలం విందుకు వెళ్ళినప్పుడు. తర్వాత జ్యూక్స్ భార్య, వేరేగా, మొగుడికి చెప్పకుండా. ఒకరి వెనక ఒకరు. తొమ్మిది మందిలో ఎనిమిది మంది, ఎవరికి వాళ్ళు, ఇరవై ఏళ్ళలో ఎప్పుడో ఒకసారి టిప్టన్ గుమ్మం ఎక్కి, దయచేసి మీ పొలంలో నడవచ్చా అని అడిగి వచ్చారు. సగం మంది కేకులు కూడా పట్టుకెళ్ళారు. ఎనిమిది మందీ ఆ సంగతి గుట్టుగా దాచుకుని కూర్చున్నారు.

బెబ్ నవ్వడం ముప్పై ఏళ్ళలో మొదటిసారి చూశాను. ‘ఊరంతా మర్యాదస్తులే,’ అన్నాడు. ‘నా ఒక్కడి మొరటుతనం మీద నిలబెట్టండి మీ హక్కు.’

ఒక్కడి సాక్ష్యంతో జనం దారి కాదని మిస్ క్యాడ్మన్ మెల్లగా చెప్పింది. కలం మూసింది. ఆమె కూడా బాధపడినట్టే ఉంది. సంచీ సర్దుకోబోతూ, మామూలుగా, గ్వెండాను అడిగింది: ‘మీరడిగినప్పుడు టిప్టన్ ఏమన్నాడు?’

‘ఏమంటాడు, కసిరాడు. నన్నడుగుతావేంటి తల్లీ, ఇవ్వడానికి నాదైతేగా అన్నాడు. మా తాత నాటి నుంచి జనం నడుస్తున్న దారి, నన్నడగడమేంటి అని తలుపేసుకున్నాడు. విసుగు మనిషి కదా అని ఊరుకున్నా.’

మిస్ క్యాడ్మన్ సంచీ మళ్ళీ బల్ల మీద పెట్టింది. ఆర్నాల్డ్‌ను అడిగింది. టిప్టన్ ఆయనతో, పోయి చర్చిని అడగండి, నాకేం తెలుసు, నాది కాదు అన్నాడట. జ్యూక్స్ భార్యతో, కేకు తీసుకుంటా గానీ దారి నేనిచ్చేది కాదమ్మా అన్నాడట. ఒక్కొక్కరితో ఒక్కో మాట, అర్థం ఒకటే. ఎవరూ దాన్ని జవాబుగా లెక్కపెట్టలేదు. మా జాతికి అడగడం ముఖ్యం. అడిగేశాక సిగ్గుతో సగం చెవులు మూసుకుని ఇంటికొచ్చేస్తాం.

ఇది అనుమతి కాదంది మిస్ క్యాడ్మన్. యజమాని తన నోటితో ఈ దారి నాది కాదు, జనానిది అని ఇంతమందికి చెప్పడం తన ఉద్యోగంలో చూడలేదంది. అందరూ కొత్త ఫారాలు తీసుకున్నారు, ఈసారి ఉన్నదున్నట్టు రాయడానికి. హాలంతా గోల. గ్వెండా రెండు కుర్చీలూ దాటి వచ్చి నా పక్కన కూర్చుని, నువ్వు లేవకపోతే ఎవ్వరం లేచేవాళ్ళం కాదే అంది. ఆమెకు ఏడుపొచ్చింది. నాకు కూడా.

అప్పుడు మిస్ క్యాడ్మన్ నన్నడిగింది: ‘మీతో ఏమన్నాడు మిసెస్ కార్ఫీల్డ్?’

నాకు గుర్తు లేదు.

ఎంత తవ్వుకున్నా రాలేదు. తలుపు గుర్తుంది. నా బూట్లు గుర్తున్నాయి. కేకు అడుగు మాడడం గుర్తుంది. ఆయన నోరు కదలడం కూడా గుర్తుంది. మాట లేదు. ‘నీతోనూ అదే అని ఉంటాడే, రాసెయ్,’ అంది గ్వెండా. అందరూ అదే అన్నారు. నిజమే, అదే అని ఉంటాడు. బెబ్ కూడా తలూపాడు. కలం పట్టుకున్నాను. ‘లేదు’ అని రాయడం కంటే ఇది ఎంతో సులువు, ఇది దాదాపు నిజం.

‘అడిగాను. ఆయన ఏమన్నాడో గుర్తు లేదు’ అని రాసి సంతకం పెట్టాను.

అయితే మీ ఫారం, మీ డైరీలు పక్కన పెట్టాల్సి వస్తుందని మిస్ క్యాడ్మన్ చెప్పింది. మీరు నడిపించిన ఆదివారాలు కూడా లెక్కలోకి రావు. మిగతా ఆరుగురితో, బెబ్‌తో, గ్వెండాతో దరఖాస్తు గట్టిగానే నిలబడుతుంది, ఏడాదో రెండేళ్ళో పట్టినా. ఆమె క్షమాపణగా నా చేయి పట్టుకుంది. పర్వాలేదన్నాను.

పర్వాలేదు కాదు. పచ్చ దారాలు పెట్టిన పంతొమ్మిది పుస్తకాలు సంచీలో మోసుకుని ఇంటికొచ్చాను. ముప్పై ఏళ్ళు రోజూ రాసుకున్నాను. ఆ రోజు నేనడిగింది రాసుకున్నాను, నా బురద రాసుకున్నాను. ఆయనన్నది రాసుకోలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

గేటు దగ్గరికి వెళ్ళాను, ఊరికే. స్టాండిష్ లోపల గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతున్నాడు. నన్ను చూసి వచ్చాడు. దరఖాస్తు సంగతి తెలిసిందట. ఆయన అన్న మాటలు ఇవి, ఇంటికొచ్చేదాకా పైకి అనుకుంటూ వచ్చి రాస్తున్నాను: ‘అది తేలేదాకా మీరొక్కరూ రావచ్చండి మిసెస్ కార్ఫీల్డ్. మీ దగ్గర కుక్క లేదు, నేను చూశాను. తాళంచెవి ఒకటి ఇస్తాను, ఉంచుకోండి. పెద్దవారు, ఇంతకాలం నడిచారు.’

జేబులోంచి తీసి చాపాడు కూడా. మంచివాడే. నా చేయి సగం దాకా వెళ్ళింది.

వద్దండీ, చాలా థాంక్స్ అన్నాను.

‘మరి ఎలా వస్తారు?’ అన్నాడు.

‘అడక్కుండా వస్తాను,’ అన్నాను.